పొగ చెప్పిన పాఠము

పొగను జూచి నిప్పు నూహించుట తర్కశాస్త్రమున మొదటి పాఠము. బాల్యమున మా తండ్రిగారు మాకీ పాఠము చెప్పినపుడు, ఇది యొకనాడు ట్రాక్టరు బాగుచేసికొనుటకు బనికివచ్చునని వారు గాని మేము గాని కలనైన దలపలేదు.

మాది రాయలసీమలో నొక పల్లె. మా వారు బడిపంతులు. నాలుగెకరముల యెర్రచేను, దానిని దున్నుట కొక చిన్న డీజిలు ట్రాక్టరు మాకు గలవు. 2024వ సంవత్సరము తొలకరిని మంచి వాన గురిసెను. ఎర్రనేలలో పదును మూడు నాలుగు దినములకంటె నిలువదు. వేరుసెనగ కాయ లొలిచి విత్తనములు సిద్ధపరచియుంటిమి. ఒలిచిన విత్తులు ఎక్కువ కాలము దాచుటకు వీలుగావు. అట్టి సమయమున ట్రాక్టరు సాలు నడుమ నాగిపోయెను. టాంకులో డీజిలు అడుగంటినదని గ్రహించి మా మరది డబ్బాతో దెచ్చి పోసెను. అయినను యంత్రము పలుకలేదు. పట్టణమునందలి మెకానిక్కు అయిదు దినములకు గాని రాజాలనని చెప్పెను. మా వారు బడిలో నుండిరి. అత్తగారు మబ్బులేని యాకాశమును జూచి, "అమ్మాయీ, పదును ఆరిపోయినచో ఈ యేటికింతే" యనిరి.

ట్రాక్టరుతో వచ్చిన పుస్తకమును మేము తీరిక వేళల జదివియుంటిమి. దానిని చేతబట్టి చేనికి బోతిమి.

పెట్రోలు యంత్రమునందువలె డీజిలు యంత్రమున నిప్పురవ్వ బుట్టించు ప్లగ్గు లేదు. లోనికి బీల్చిన గాలిని పదునారవ వంతునకో యిరువదవ వంతునకో అదిమినచో నది 500 డిగ్రీల సెంటిగ్రేడునకు మించి కాగును. ఆ వేడిగాలిలోనికి డీజిలును సన్నని తుంపరగా జిమ్మగనే తనంతట తానే మండును. రుడాల్ఫ్ డీజిలు 1897లో జర్మనీ దేశపు ఆగ్సుబర్గు నగరమున నిట్టి యంత్రమును జయప్రదముగా నడపి చూపెను. కావున అది కదలనపుడు అడుగవలసిన ప్రశ్నలు మూడే: చురుకుగా దిరుగుచున్నదా? గాలి యందుచున్నదా? డీజిలు చేరుచున్నదా?

తాళము ద్రిప్పి చూడగా యంత్రము చురుకుగనే తిరిగెను. బ్యాటరీ కొనలపై తెల్లని పొడి పట్టినను, తీగెలు వదులైనను టకటకమను చప్పుడే గాని తిరుగుడుండదు. కనుక దోష మచ్చట లేదు. గాలిని వడపోయు గిన్నెలోని నూనె బురదగా మారలేదు. మిగిలినది డీజిలు. యంత్రము తిరుగునపుడు గొట్టమునుండి తెల్లని పొగయైన వచ్చినచో డీజిలు లోనికి బోయియు మండుటలేదని యూహింపవచ్చును. మాకు పొగయే రాలేదు. అయితే పొగ లేనంతమాత్రమున నిప్పు లేదనరాదు. కాలిన యినుపగుండునకు పొగ యుండదు గదా! కావున ఊహతో దృప్తినొందక పరీక్షింప బూనితిమి.

టాంకు అడుగంటినపుడు గొట్టములలో గాలి జొరబడును. డీజిలు అదిమిన నణగదు, గాలి యణగును. పంపు తోసిన బలమంతయు ఆ బుడగ నదుముటకే చెల్లిపోవును. గేరు తప్పించి, బ్రేకు బిగించి, చక్రములక్రింద రాళ్లు వేయించితిమి. డీజిలు ఫిల్టరు చుట్టు నున్న దుమ్మును దుడిచి, దానిపై గాలి వదలు మరను పానాతో కొంచెము వదులుచేసి, చేతి పంపును మెల్లగా నొత్తితిమి. నురుగు, బుడగలు బుసబుస వచ్చెను. బుడగలు లేని తేటధార వచ్చుచుండగనే మరను బిగించితిమి. తరువాత పెద్ద పంపు మీది మరకును నట్లే చేసితిమి. కడపట ఇంజెక్టరు గొట్టపు నట్టును అరచుట్టు వదులుచేసి, యంత్రమును ద్రిప్పించి, డీజిలు చుక్కలు చిమ్మగనే బిగించితిమి.

అపుడు మా మరది కారుచున్నదేమో యని నట్టుకడ వ్రేలు పెట్టబోయెను. మేము చేయి పట్టి లాగితిమి. ఆ గొట్టములోని యొత్తిడి మామూలు గాలి యొత్తిడికి సుమారు 200 రెట్లు. చిమ్మిన డీజిలు సూదివలె చర్మమును దూరి పోవును. గాయము చీమ కుట్టినట్లే కనబడును గాని, ఆలస్యమైన వ్రేలు, ఒక్కొక్కపుడు చేయియే తీసివేయవలసివచ్చును. అట్టిది జరిగిన తక్షణమే ఆసుపత్రికి బోవలెను. కారుటను అట్టముక్క యడ్డుపెట్టి చూడవలెను.

మరల తాళము ద్రిప్పగా యంత్రము రెండుమార్లు దగ్గి, తెల్లని పొగ విడిచి, పిదప గంభీరముగా మ్రోగసాగెను. మరునాటి మధ్యాహ్నమునకు విత్తుట ముగిసెను.

సోదరీమణులారా! పొగ భాషను గుర్తెరుంగుడు. విడువక వచ్చు నల్లపొగ గాలి చాలదనియో, బరువు మించెననియో చెప్పును. నీలిపొగ యంత్రపు నూనె కాలుచున్నదని చెప్పును. మన హద్దునుగూడ నెరుగవలెను. పెద్ద పంపును ఇంజెక్టర్లను ఇంట విప్పరాదు; వేడిమీద రేడియేటరు మూత తీయరాదు; తలుపులు మూసిన కొట్టములో యంత్రమును నడుపరాదు. ఒక్కొక్క దోషమునే వరుసగా విచారింపుడు. ఒకేసారి నాలుగు మరలు విప్పిన దోషమేదో తెలియకుండపోవును.

ఖాళీ టాంకులో రాత్రి చల్లదనమునకు నీరు చేరునుగాన సాయంకాలముననే దానిని నింపియుంచుట మేలు. ఇపుడు సంధ్యాదీపము వెలిగింపబోవుచు మా యత్తగారే, "అమ్మాయీ, టాంకు నింపితివా?" యని యడుగుచుందురు.