కారు ముసుగు: రంగునకు రక్షణయా, హానియా?

కంచెయే చేను మేసినట్లు, కాపాడుటకై కప్పిన గుడ్డయే కారు రంగును పాడుచేయుట మన తీరగ్రామములలో తఱచుగా కానవచ్చుచున్నది. మన సభ్యులలో కార్లు, ట్రాక్టర్లు గలవారు అనేకులు. వానిలో పెక్కు అప్పుచేసి కొన్నవే. వాయిదాలు తీరకమునుపే రంగు చెడి బండి వెల తగ్గినచో నష్టము రైతుదే. కావున ఈ విషయమును సభ్యుల యెదుట ఉంచుచున్నాము.

కారు రేకుపై తుప్పును ఆపు పూతయు, దానిపై అసలు రంగును, అన్నిటికిని పైన గాజువంటి మెరుగుపూతయు ఉండును. ఈ మెరుగుపూత మందము తలవెండ్రుకకు మించదు. దానిపై పడిన సన్నని గీతలే ఎండలో సాలెగూడువలె కనబడును.

ఈ గీతలు పెట్టునది గుడ్డ కాదు. గుడ్డకును రంగునకును నడుమ చిక్కిన ధూళి. ఓడలరేవు తీరపు ఇసుకరేణువు రంగుకన్న ఎంతో కఠినము. కళ్ళమున లేచు ఊకధూళి తేలికయే యైనను, ఊకలో సహజముగా సిలికా యుండుటచే అదియు గరుకే. సముద్రపుగాలికి ముసుగు రెపరెపలాడినపుడెల్ల ఈ ధూళి ఉప్పుకాగితమువలె రంగును రాచును.

రెండవ శత్రువు తేమ. అల్లవరం సీమ గాలిలో ఉప్పు గలదు. ఉప్పు తేమను పీల్చి నిలుపుకొనును. ధాన్యముపై కప్పు బరకమును కారుపై కప్పుట మఱింత హాని, ఏలయన అందు గాలియాడదు. ఉదయమున బరకము తీసిన లోపల చెమటపట్టి యుండుట రైతులెల్లరు ఎఱిగినదే. ఆ తడి నిలిచినచో రంగు మచ్చలు పడును. గీత లోతైనచోట రేకు తుప్పుపట్టును.

కావున సభ్యులు పాటింపవలసినవి:

1. ముందుగా మంచినీరు ధారాళముగా పోసి ధూళిని జార్చి, మెత్తని గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనీయవలెను. ఉప్పునీటి బోరు పనికిరాదు. పొడిదుమ్మును పొడిగుడ్డతో తుడువరాదు.

2. ఇంజను చల్లారిన పిదపనే కప్పవలెను.

3. ముసుగు గాలియాడు నేతదై, లోపలివైపు మెత్తనై, బండి కొలతకు సరిపోవలెను. వదులుగా నున్నచో క్రింది భాగమున కట్టవలెను; త్రాడు రంగుపై ఒరయరాదు.

4. తీయునపుడు ఈడ్వరాదు. రెండు ప్రక్కలను పైకప్పు మీదికి మడచి, పిదప చుట్టవలెను. నేలపై వేయరాదు, లోపలివైపు బయటికి త్రిప్పి కప్పరాదు.

5. వర్షము వెలిసినంతనే ముసుగు తీసి, బండిని, గుడ్డను వేర్వేరుగ ఆరబెట్టవలెను. నెలకొకమారు ముసుగును ఉతుకవలెను.

బండి ప్రతిదినము తిరుగుచు, దినదినము కడుగుటకు వీలులేనిచో, ముసుగుకన్న నాలుగు స్తంభముల పాకయే మేలు. అది ఎండను ఆపును, రంగును తాకదు. కాని పాకనైనను ముసుగునైనను కొబ్బరిచెట్టు క్రింద నమ్మరాదు. 1996 నవంబరు తుపానులో కోనసీమ తోటలు కూలిన తీరు పెద్దలు మఱువలేదు. తుపాను హెచ్చరిక వచ్చినపుడు ముసుగు తీసివేసి, బండిని చెట్లకు దూరముగా, మెరకచోట నిలుపవలెను.

ముసుగు వేయుటకు ముందు చేసిన శుభ్రమే అసలైన ముసుగని సభ్యులు గుర్తింతురుగాక.