టోరెన్స్ అవెన్యూ పక్క గడ్డిలో

ఆకు లేదు, పచ్చదనం లేదు. బూజును తిని బతికే ఈ మొక్క షికాగోలో అయిదు వేసవులు కనిపించి మాయమైంది. దాన్ని చూసిన అమ్మాయి రాసిన కాగితం మాత్రం నూరేళ్లు దాటినా పనిచేస్తూనే ఉంది.

‘వింత మొక్కల మీద ముఖచిత్ర కథనం కావాలి, గురువారానికల్లా పేజీలు వెళ్లిపోవాలి’ అన్నారు ఎడిటర్ గారు. థిస్మియా ప్రజాతి బొమ్మలు ముందేసుకుంటే దేన్ని వదలాలో తెలియలేదు. కానీ నన్ను కట్టిపడేసింది బొమ్మ కాదు, 1914లో ‘బొటానికల్ గెజెట్’లో అచ్చయిన వ్యాసం. రాసింది నార్మా ఫైఫర్. షికాగో విశ్వవిద్యాలయంలో ఆమెకు డాక్టరేట్ తెచ్చిపెట్టిన పరిశోధన అదే.

1912 ఆగస్టులో షికాగో నగరం దక్షిణపు కొసన, కాల్యుమెట్ సరస్సు దగ్గరి చిత్తడి గడ్డిమైదానంలో ఆమెకు ఆ మొక్క దొరికింది. 119వ వీధి, టోరెన్స్ అవెన్యూ ప్రాంతం. ఇప్పటికీ పటంలో వేలుపెట్టి చూపించగల చోటు. దానికి థిస్మియా అమెరికానా అని పేరు పెట్టింది. మొక్కంటే మన కళ్లముందు మెదిలేదేదీ అందులో లేదు. నేలలో సన్నని తెల్లటి వేళ్లు. వాటి మీంచి పొట్టి కాడ. కాడకు ఆకుల బదులు చిన్న చిన్న పొలుసులు. కొసన ఒకే ఒక్క తెల్లని పువ్వు, సెంటీమీటరుకు అటూ ఇటూ. పైభాగాన నీలం కలిసిన ఆకుపచ్చ ఛాయ. లోపలి మూడు రేకులు పైకి లేచి, కొసలు కలుపుకుని, చిన్న మండపంలా నిలబడతాయి. ఆరు కేసరాలూ లోపల తలకిందులుగా వేలాడతాయి. పువ్వు కూడా సగం నాచులోనే ఉంటుంది. మోకాళ్ల మీద కూర్చుని గడ్డి పాయతీస్తే తప్ప కనపడదు.

ఆ వ్యాసంలో నాకు అన్నిటికన్నా నచ్చింది చుట్టుపక్కల మొక్కల జాబితా. నల్లటి నడుమ, పసుపు రేకుల రుడ్‌బెకియా, ఐరిస్, తడినేలలో పెరిగే, మన జిల్లేడు కుటుంబానికే చెందిన అస్క్లెపియస్, నేలకు అంటుకుని పాకే సెలాజినెల్లా. అన్నీ అక్కడ ఎవరూ ఆగి చూడని మామూలు మొక్కలే. లోకంలో ఎవరూ చూడని పువ్వు చేతిలో ఉండగా దాని ఇరుగుపొరుగును కూడా శ్రద్ధగా రాసిపెట్టింది చూడండి, అందుకు ఆమెకు చేతులెత్తి మొక్కాలనిపించింది. 1916 తర్వాత ఆ పువ్వు ఎవరి కంటా పడలేదు. 1991లో పెద్ద సంఖ్యలో స్వచ్ఛంద కార్యకర్తలు ఆ ప్రాంతమంతా గాలించారు. ఇలా వెతికేవాళ్లకు ఆధారం ఆ పొరుగు మొక్కలే. సెలాజినెల్లా పరుచుకున్న చోటల్లా వంగి చూడాల్సిందే.

అది బతికే తీరు ఇదీ. పచ్చని మొక్కల వేళ్లలో కొన్ని శిలీంధ్రాలు కాపురం ఉంటాయి. నేలలోంచి భాస్వరం తెచ్చి ఇస్తాయి, బదులుగా మొక్క తయారుచేసిన చక్కెర తీసుకుంటాయి. థిస్మియా ఆ శిలీంధ్రపు పోగులను తన వేళ్లలోకి రానిచ్చి, చుట్టలు చుట్టుకున్నాక కణాల్లోనే అరిగించుకుంటుంది. తిరిగి చక్కెర ఇచ్చే శక్తి దానికి లేదు. పొరుగు చెట్టు ఎండలో చేసిన వంట శిలీంధ్రం చేతుల మీదుగా దీని నోటికి చేరుతుందన్నమాట. ఎండతో పనిలేదు గనుక ఏడాదిలో చాలా భాగం మట్టిలోనే ఉండిపోతుంది.

చరిత్ర క్లుప్తంగా: ఈ ప్రజాతిని 1840లలో విలియం గ్రిఫిత్ బర్మా మొక్కతో లోకానికి చెప్పాడు. తర్వాత ఎక్కువ జాతులు ఉష్ణమండలపు అడవుల్లో దొరికాయి. అందుకే షికాగో పెద్ద చిక్కుముడి. మంచుయుగంలో మంచుపలకల కింద, ఆ తర్వాత సరస్సు కింద ఉన్న నేల మీదికి ఇది ఎలా చేరింది?

‘అంతరించింది’ అన్న మాట దీని విషయంలో తొందరపాటేనని నా నమ్మకం. జపాన్‌లో థిస్మియా కోబెన్సిస్ 1992లో దొరికింది. 1999లో అక్కడ పారిశ్రామిక వాడ కట్టడంతో అదీ పోయిందనుకున్నారు. 2021లో సుమారు 30 కిలోమీటర్ల అవతల, సాండాలో మళ్లీ పూసింది. దాని పువ్వుకూ షికాగో పువ్వుకూ పోలికలున్నాయంటున్నారు శాస్త్రవేత్తలు. అయితే కాల్యుమెట్ గతి వేరు. టోరెన్స్ అవెన్యూ మీద 1924 నుంచి ఫోర్డ్ కార్లు తయారవుతున్నాయి. చుట్టూ ఉక్కు మిల్లులు, చెత్త దిబ్బలు వచ్చాయి. మిగిలిన తడి గడ్డినేల ముక్కలైనా దక్కితేనే వెతకడానికంటూ ఒక చోటు ఉంటుంది.

[బాక్స్] మన దగ్గర

మామిడికొమ్మ మీది బదనిక, పొగాకు చేలో రైతును ఏడిపించే పొగాకు మల్లె మొక్కలనే నేరుగా పీల్చుకుంటాయి. శిలీంధ్రాన్ని పట్టుకుని బతికేది థిస్మియా. మనకు దగ్గర్లో చూడాలంటే కేరళ వెళ్లాలి. అక్కడి పశ్చిమ కనుమల్లో థిస్మియా సహ్యాద్రిక ఉంది.

[బాక్స్] 151 ఏళ్ల తర్వాత

ఇటలీ వృక్షశాస్త్రవేత్త ఒడోయార్డో బెక్కరి 1866లో బోర్నియో దీవి సరవాక్‌లో థిస్మియా నెప్ట్యూనిస్‌ను చూసి బొమ్మ గీశాడు. 2017లో చెక్ పరిశోధకులకు అది ఆ ప్రాంతంలోనే మళ్లీ దొరికింది. తొలి ఫొటోలు అప్పుడు తీసినవే.