‘కామెడీయే కదా!’ అని వదిలేయవచ్చా?



"అది కామెడీ సిరీస్, మమ్మీ!" పిల్లలు ఈ ఒక్క మాట అనగానే చాలా ఇళ్లలో చర్చ ఆగిపోతుంది. అబిడ్స్‌లో థియేటర్‌కు వెళితే, ‘ఎ’ సర్టిఫికెట్ సినిమాకు పిల్లల్ని గేటు దగ్గరే ఆపాలి. ఇంట్లో ఫోన్‌కు గేటు లేదు. ఆ కాపలా మనదే.

ఒక ఉదాహరణ చూద్దాం. ప్రైమ్ వీడియోలో ‘ది మార్వెలస్ మిసెస్ మేజిల్’ సిరీస్ 2017 నుంచి 2023 వరకు ఐదు సీజన్లుగా వచ్చింది. 1950ల చివర్లో న్యూయార్క్‌లో ఇద్దరు పిల్లల తల్లి స్టాండప్ కమెడియన్‌గా మారే కథ ఇది. పోస్టర్ చూస్తే రంగురంగుల దుస్తులు, నవ్వులు. మొదటి ఎపిసోడ్‌లోనేమో భర్త వదిలివెళ్లడం, ఆమె తాగి స్టేజీ ఎక్కడం, నగ్నత్వం, అరెస్టు. బూతులు సిరీస్ అంతటా వినిపిస్తాయి.

అలాగని ఇది పనికిరాని కథ కాదు. ఒక జోకు వెనక ఎంత సాధన ఉంటుందో చూపిస్తుంది. ఇందులో కనిపించే లెన్నీ బ్రూస్ నిజజీవితంలోని కమెడియన్. స్టేజీ మీద అన్న మాటలకు 1964లో న్యూయార్క్ కోర్టు ఆయన్ను దోషిగా తేల్చింది. ఆయన 1966లో చనిపోయాడు. క్షమాభిక్ష 2003లో వచ్చింది. ఇంటర్ పిల్లలతో భావప్రకటన స్వేచ్ఛ గురించి మాట్లాడటానికి ఇది మంచి అవకాశం. ఏడో తరగతి పిల్లవాడికి మాత్రం గుర్తుండేది బూతు మాటే.

ముందు లేబుల్ చూడండి

2021 ఐటీ నిబంధనల ప్రకారం ఓటీటీ కార్యక్రమాలకు యూ, యూ/ఎ 7+, 13+, 16+, ‘ఎ’ అనే ఐదు తరగతులున్నాయి. 13+, ఆపై వాటికి పేరెంటల్ లాక్ సదుపాయం ఇవ్వాలి. పిన్ పెట్టాల్సింది మాత్రం మనమే.

తర్వాత మొదటి ఎపిసోడ్ మీరే చూసి, ఇవి గమనించండి

- జోకు ఎవరి మీద? తన మీద తాను వేసుకున్నదా, ఎదుటివారి రంగు, లావు, యాస మీద వేసిందా? రెండో రకం జోకు సోమవారం క్లాసులో పక్క బెంచీ మీద పడుతుంది.
- తాగుడు, మత్తు సరదాగా కనిపిస్తున్నాయా, వాటి నష్టం కూడా చూపారా?
- ఈ సన్నివేశం వచ్చినప్పుడు మీరు పిల్లల పక్కన కూర్చోగలరా?

మా సూచన: ఇలాంటి సిరీస్ పదహారేళ్లలోపు పిల్లలకు వద్దు. పదహారు, పదిహేడేళ్ల వాళ్లకైతే లేబుల్ ఒప్పుకుంటేనే, అదీ మీతో కలిసి.

ఇప్పటికే చూసేశారని తెలిస్తే? కేకలు వేస్తే రేపు స్నేహితుడి ఫోన్‌లో చూస్తారు, మీకు చెప్పరు. "నీకు ఎక్కడ నవ్వొచ్చింది నాన్నా? ఎక్కడ ఇబ్బందిగా అనిపించింది?" అని అడగండి. జవాబు పూర్తయ్యే వరకు ఆగండి. పిల్లలు రేపు మరో విషయం దాచకుండా చెప్పాలంటే, ఈ రోజు మనం వినాలి.