ఇంజిన్ ఆయిల్ డబ్బా చదవడం ఎలా?

కిందటేడు మే నెలలో బిలాస్‌పూర్‌లో మావయ్యగారింట్లో ఉన్నాను. ఒకరోజు వాళ్లబ్బాయి బైకు ఓవర్‌బ్రిడ్జి ఎక్కలేకపోయింది. ఇంజిన్ ఆగలేదు. యాక్సిలరేటర్ తిప్పిన కొద్దీ మోత పెరుగుతోంది, బండి మాత్రం కదలడం లేదు. మెకానిక్ విప్పి చూసి ‘క్లచ్ ప్లేట్ జల్ గయా’ అన్నాడు. ఆరా తీస్తే తేలిందేమిటంటే, కారుకు పోయగా మిగిలిన ఆయిల్ని మనవాడు బైకులో పోశాడు. ఖరీదైన సరుకు, వృథా ఎందుకని. ఆయిల్ మంచిదే, కానీ ఆ బండికి కాదు. ఆ సంగతి డబ్బా మీదే ఉంది. ఇంట్లో ఎవరమూ చదవలేదు.

మావయ్య డీజిల్ ఇంజిన్ల దగ్గర పనిచేసి రిటైరైన మనిషి. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచే ఉత్తరాంధ్ర కుటుంబాలు ఈ లైను వెంట వచ్చి స్థిరపడ్డాయి. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వే ఏర్పడి బిలాస్‌పూర్ దానికి కేంద్రమయ్యే నాటికి ఇక్కడి తెలుగువాళ్లలో మూడో తరం ఉద్యోగాల్లో ఉంది. మావయ్య పనిచేసింది రాయపూర్ డీజిల్ షెడ్డులో. అక్కడ లక్నోలోని రైల్వే పరిశోధన సంస్థ ఆర్‌డీఎస్‌ఓ ఆమోదించిన ఆయిలే వాడేవారు. అది చాలదన్నట్టు ఇంజిన్లోంచి నమూనా తీసి ల్యాబులో ఇనుము, రాగి, సీసం ఏ మేరకు కలిశాయో చూసేవారు. ఏ లోహం పెరిగిందో తెలిస్తే లోపల ఏ భాగం అరుగుతోందో తెలుస్తుంది. ‘మనకి ల్యాబు లేదు కదరా, ఉన్నది ఆ డబ్బా మీద రాతే, అదైనా చదవాలి కదా’ అన్నారాయన.

ఆ రాతలో అన్నిటికన్నా పెద్దగా కనిపించేది 10డబ్ల్యూ-30, 20డబ్ల్యూ-40 లాంటి అంకె. ఇది అమెరికాలో పుట్టిన ఎస్‌ఏఈ సంస్థ పెట్టిన చిక్కదనం కొలత. డబ్ల్యూ అంటే వింటర్, చలికాలం. దాని ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎంత తేలిగ్గా కదులుతుందో చెబుతుంది. 10డబ్ల్యూ ఆయిల్‌కు ఇంజిన్ స్టార్టింగ్ పరీక్ష మైనస్ 25 డిగ్రీల దగ్గర పెడతారు, 20డబ్ల్యూకు మైనస్ 15 దగ్గర. బిలాస్‌పూర్ చలి ఆ దరిదాపుల్లోకి రాదు కనుక మనకు అక్కర్లేదనుకోకండి. రాత్రంతా నిలబడిన బండిని పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు ఆయిల్ అడుగునుంచి పైభాగాలకు చేరేదాకా లోహం మీద లోహం ఒరుసుకుంటుంది. పలచగా ఉన్న ఆయిల్ త్వరగా చేరుతుంది.

రెండో అంకె 100 డిగ్రీల వేడిలో చిక్కదనం. దీన్ని సెంటీస్టోకుల్లో కొలుస్తారు; గది వేడిమిలో నీళ్ల చిక్కదనం దాదాపు ఒక సెంటీస్టోక్. 100 డిగ్రీల దగ్గర 30 అన్న ఆయిల్ 9.3 నుంచి 12.5 లోపు ఉండాలి, 40 అయితే 12.5 నుంచి 16.3 లోపు. బుధవారీ బజార్ వైపు దుకాణాల్లో ఎండాకాలం ‘గర్మీ హై, గాఢా వాలా దీజియే’ అని అడిగేవాళ్లను చూశాను. బయట 45 డిగ్రీల ఎండ ఉంటే చిక్కటి ఆయిల్ పోయాలని వాళ్ల నమ్మకం. కానీ నడిచే ఇంజిన్లో ఆయిల్ ఎలాగూ 100 డిగ్రీల చుట్టుపక్కలే ఉంటుంది. గాలితో చల్లబడే బైకు ఎండలో కొంత ఎక్కువ వేడెక్కే మాట నిజమే. మన దేశంలో అమ్మే బండికి మాన్యువల్ రాసేవాళ్లు ఆ ఎండను లెక్కలోకి తీసుకునే రాస్తారు. 10డబ్ల్యూ-30 రాసిన చోట 20డబ్ల్యూ-50 పోస్తే రక్షణ పెరగదు, పెట్రోలు ఖర్చు పెరుగుతుంది. ఈ అంకెలు కొలతలే, నాణ్యతకు మార్కులు కావు.

నాణ్యత సంగతి చెప్పేది ఏపీఐ, అంటే అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ అక్షరాలు. ఎస్‌తో మొదలైతే పెట్రోలు ఇంజిన్‌కి, సీతో మొదలైతే డీజిల్‌కి. రెండో అక్షరం ముందుకు పోయేకొద్దీ ప్రమాణం కొత్తది: ఎస్‌ఎల్ 2001లో, ఎస్‌ఎన్ 2010లో, ఎస్‌పీ 2020లో వచ్చాయి. పెట్రోలు కారుకు ఎస్‌ఎన్ అడిగితే ఎస్‌పీ పోయవచ్చు. ఎస్‌పీ అడిగిన చోట ఎస్‌ఎల్ పోయకూడదు.

ఇక్కడ నిలిచి చూడాల్సిన సంగతి ఒకటుంది. కొన్ని డబ్బాల వెనక మినప గారెలా, నడుమ చిల్లుతో గుండ్రటి ముద్ర ఉంటుంది. పై అంచున ఎస్‌పీ లాంటి అక్షరాలు, చిల్లులో చిక్కదనం అంకె. ఏపీఐ నుంచి లైసెన్సు తీసుకున్న కంపెనీయే ఆ ముద్ర వేయాలి. ఏపీఐ ఆ ఆయిళ్లను బజార్లో తానే కొని పరీక్షిస్తుంది కూడా. లైసెన్సు ఉన్నవాళ్ల జాబితా దాని వెబ్‌సైట్లో ఎవరైనా వెతకవచ్చు. ముద్ర లేకుండా ‘ఏపీఐ ఎస్‌ఎన్ ప్రమాణానికి తగినది’ అని ఒట్టి అక్షరాలే ఉంటే అది కంపెనీ తనంతట తాను ఇచ్చిన మాట. అబద్ధమనడం లేదు, మన దగ్గర చాలా మంచి డబ్బాల మీద కూడా ఇలాగే ఉంటుంది. కానీ ఊరూపేరూ లేని కంపెనీ ఆ మాటంటే నేను నమ్మను.

ఇక మావయ్య కొడుకు బైకును ఆపేసిన సంగతి. కారులో క్లచ్ ఆయిల్‌కు దూరంగా పొడిగా ఉంటుంది. చాలా బైకుల్లో ఇంజిన్, గేర్లు, క్లచ్ ప్లేట్లు మూడూ ఒకే ఆయిల్లో మునిగి ఉంటాయి. ఇంధనం ఆదా కోసం కారు ఆయిళ్లలో రాపిడి తగ్గించే రసాయనాలు కలుపుతారు. రాపిడి తగ్గితే ఇంజిన్‌కు మేలే. క్లచ్ పనిచేసేదే రాపిడితో కనుక దానికి చేటు. 1990లలో జపాన్ బైకు కంపెనీలకు ఈ చిక్కు ఎదురైంది. అందుకే 1998లో జాసో ప్రమాణం పెట్టుకున్నారు. డబ్బా మీద చిన్న గడిలో ఎంఏ, ఎంఏ2 అని ఉంటే క్లచ్‌కు కావలసిన పట్టు ఉన్నట్టు. ఎంబీ అంటే పట్టు తక్కువ, పొడి క్లచ్ ఉండే గేర్లులేని స్కూటర్లకు సరిపోతుంది. కొన్ని కంపెనీలు తమ బైకులకూ ఎంబీయే రాస్తాయి, ఎందుకంటే క్లచ్‌ను దానికి తగ్గట్టే తయారుచేశారు. కాబట్టి మాన్యువల్ మాటే ఖాయం. గారె ముద్ర అడుగున ‘రిసోర్స్ కన్సర్వింగ్’ అని ఉంటే మాత్రం, తడి క్లచ్ బైకులో అది పోయకండి.

డీజిల్ కారు ఉన్నవాళ్లకు ఒక మాట. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 డీజిల్ కార్లలో పొగ మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. ఆయిల్ కాలాక మిగిలే బూడిద దాన్ని పూడ్చేస్తుంది. వాటికి తక్కువ బూడిద ఆయిల్ కావాలి, మాన్యువల్లో సీ2, సీ3 లాంటి యూరప్ గుర్తులు కనిపించేది అందుకే.

‘ఫుల్లీ సింథటిక్’ అన్న పెద్దక్షరాలకు మాత్రం నేను అంత విలువ ఇవ్వను. ముడి చమురునే బాగా శుద్ధిచేసి తీసిన ఆయిల్‌ని కూడా సింథటిక్ అని ప్రకటించుకోవచ్చని అమెరికాలోని ప్రకటనల వివాద మండలి 1999లో తేల్చింది. అలాంటి ఆయిల్ కూడా మంచిదే. డబ్బు పెట్టాల్సింది ఆ పదం చూసి కాదు, పైన చెప్పిన గుర్తులు చూసి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా లోపల ఉన్నది వేరే సరుకైతే? ఖాళీ డబ్బాల్లో నకిలీ నింపి అమ్మేవాళ్లున్నారు. తయారీదారు చిరునామా, తయారైన నెల, నికర పరిమాణం, ఎమ్మార్పీ, ఫిర్యాదు నంబరు ప్యాకెట్ మీద ఉండాలని 2011 నాటి తూనికలు కొలతల నిబంధనలు చెబుతున్నాయి. ఏది లేకపోయినా ఆ డబ్బా తిరిగి ఇచ్చేయండి. సీలు మీ కళ్లముందే తీయించండి. పోశాక ఖాళీ డబ్బా మీరే తీసుకుని, లేబుల్ చింపి, అడుగున మేకుతో పొడిచి పారేయండి. మావయ్య ఇప్పుడు కాలనీలో అందరి చేతా ఈ పని చేయిస్తున్నారు.