భూకంపం తరువాత ఇంటి లెక్క

భూకంపంలో దెబ్బతిన్న ఇళ్లను నమోదు చేయడం ఎందుకో ఈ పూట చెప్పుకుందాం.

2001 జనవరి 26న, ఉదయం 8 గంటల 46 నిమిషాలకు గుజరాత్‌లోని కచ్ ప్రాంతం కంపించింది. పరిమాణం 7.7. భుజ్ పట్టణంలో కోటగోడ లోపలి పాత పేటలు బాగా దెబ్బతిన్నాయి. మట్టి అడుసుతో పేర్చిన రాతి గోడలు ఊగి విడిపోయాయి. ఇరుకు సందులు శిథిలాలతో పూడుకుపోయాయి.

సర్వే బృందాలు ఇల్లిల్లూ చూసి, సన్నని పగుళ్లుంటే జి-1, పూర్తిగా కూలితే జి-5, ఇలా ఐదు తరగతులుగా రాసుకున్నాయి. సాయం ఆ తరగతిని బట్టే. అంటే, అక్కడ ఒక్క అంకె తప్పు పడితే ఆ కుటుంబానికి అందే సాయం తగ్గిపోతుంది. అద్దెకున్నవారి కష్టం వేరు. ఇల్లు వారి పేరున లేదు కదా!

తరువాత కొత్త పట్టణ పథకం వేసి, పెద్ద స్థలాల్లోంచి కొంత తీసుకుని వీధులు వెడల్పు చేశారు. ఊరి వెలుపల పునరావాస కాలనీలు వెలిశాయి. అక్కడా హక్కు తేల్చింది కాగితమే.

లాతూరు వైపు ఉన్న మనవారికి 1993 సెప్టెంబరు 30 నాటి కిల్లారి గుర్తుండే ఉంటుంది. అందుకే ఇంటి పన్ను రసీదు, అద్దె ఒప్పందం, ఇంటి ఫోటోల నకళ్లు పొరుగూరి బంధువుల దగ్గర ఒక జత ఉంచండి. ఆపద వస్తే, ముందు ప్రాణాలు. ఆ తరువాత, శిథిలాలు ఎత్తకముందే ఫోటో తీయించండి. సెలవు.