మొటిమలకు మందు చవకే.. ముందు ట్యూబు వెనక చదవండి!

ఇన్‌స్టా ఓపెన్ చేస్తే చాలు.. సీరమ్‌లు, గ్లాస్ స్కిన్, పది స్టెప్పుల రొటీన్. అవన్నీ కొంటే నెలకి రెండు మూడు వేలు ఇట్టే ఎగిరిపోతాయి. టీనేజ్ మొటిమలకు స్కిన్ డాక్టర్లు మొదట రాసే మందులు మాత్రం అంత ఖరీదైనవి కావు. ముఖ్యంగా రెండు: బెంజాయిల్ పెరాక్సైడ్, అడపలీన్. రెండూ పాత మందులే. బెంజాయిల్ పెరాక్సైడ్ అయితే ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలోనే ఉంది. ట్యూబు మామూలుగా ఒకటి నుంచి మూడు వందల రూపాయల్లో దొరుకుతుంది. బఠాణీ గింజంత తీసుకుని రాస్తే దాదాపు నెలరోజులు వస్తుంది.

చిక్కంతా టైమ్ దగ్గరే. ఇవి పనిచేశాయని తెలియడానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుంది. మొదట్లో చర్మం పొడిబారుతుంది, కొంచెం మండుతుంది. కొందరికి మొటిమలు పెరిగినట్టు కూడా అనిపిస్తుంది. వచ్చే వారం ఫేర్‌వెల్ పార్టీ ఉన్నవాళ్లకి మూడు నెలలు ఆగమంటే మాటలా? సరిగ్గా ఆ తొందరలోనే ఇంకో రకం ట్యూబు ఇంట్లోకి వస్తుంది.

గాజువాకలో ఉండే మా పిన్ని కూతురి విషయంలో అదే జరిగింది. ఇంటర్ సెకండియర్. మందుల షాపులో ‘మొటిమలకి ఏదైనా క్రీమ్ ఇవ్వండి’ అని అడిగితే ఒకటి చేతిలో పెట్టారు. మూడు రోజుల్లో ఎరుపు పోయింది, ముఖం తెల్లబడింది కూడా. ‘అక్కా, ఎలా ఉన్నానో చూడు’ అంటూ నాకు సెల్ఫీ పంపింది. నాలుగు నెలలు తిరిగేసరికి కథ మారిపోయింది. ఎండలోకి వస్తే బుగ్గలు కందిపోతున్నాయి. గడ్డం దగ్గర నూగు వెంట్రుకలు మొలిచాయి. క్రీమ్ ఆపితే ముఖం నిప్పులా మండి, మొటిమలు మునుపటికంటే ఎక్కువగా వస్తున్నాయి. మళ్లీ రాస్తే తగ్గుతున్నాయి. ఇక మానేదెలా? ట్యూబు తిప్పి చూస్తే చిన్న అక్షరాల్లో ‘క్లోబెటసోల్’ అని ఉంది. అది స్టెరాయిడ్.

స్టెరాయిడ్ క్రీమ్ చెడ్డ మందేం కాదు. ఎగ్జిమా లాంటి వాటికి డాక్టర్లే కొన్నాళ్లు వాడమని రాస్తారు. వాపునీ ఎరుపునీ అణిచేస్తుంది కాబట్టే మొదట్లో మాయలా కనిపిస్తుంది. కానీ మొటిమ పుట్టేది నూనె, మృతకణాలు కలిసి చర్మరంధ్రాన్ని మూసేసినప్పుడు. ఆ మూతని స్టెరాయిడ్ తీయదు, పైపెచ్చు చర్మాన్ని పలచన చేసి కొత్త మొటిమలు తెప్పిస్తుంది. మన దేశంలో చర్మవైద్యులు పలు కేంద్రాల్లో చేసిన ఒక అధ్యయనం 2011లో వచ్చింది. ముఖం మీద చర్మసమస్యలతో వచ్చిన 2,926 మందిలో 433 మంది ముఖానికి స్టెరాయిడ్ రాస్తున్నట్టు తేలింది. ఆ 433 మందిలో దాదాపు నాలుగో వంతు మంది రాసింది మొటిమలకే! 2018 మార్చిలో కేంద్రం ఇలాంటి 14 స్టెరాయిడ్ క్రీములను చీటీ లేకుండా అమ్మకూడదని ఉత్తర్వు ఇచ్చింది. అయినా అడిగితే ఇచ్చేవాళ్లు ఉన్నారు, మా చెల్లికి ఇచ్చినట్టే. అందుకే బీటామెథసోన్, క్లోబెటసోల్, మొమెటసోన్, ఫ్లూసినోలోన్.. ఈ పేర్లు ట్యూబు మీద కనిపిస్తే మొటిమల కోసం కొనకండి. ఇప్పటికే నెలల తరబడి రాస్తుంటే మాత్రం ఒక్కసారిగా ఆపేయకుండా డాక్టర్‌కి చూపించండి.

‘స్కిన్ డాక్టర్ అంటే ఎంతవుతుందో ఏంటో’ అని పిన్ని భయపడింది. నేను వాళ్లిద్దర్నీ కేజీహెచ్‌కి తీసుకెళ్లాను. 1923 నుంచి ఉన్న ఆసుపత్రి. ఆంధ్ర మెడికల్ కాలేజీకి అనుబంధం కాబట్టి చర్మవ్యాధులకి ప్రత్యేక విభాగమే ఉంది. ఓపీకి పొద్దున్నే వెళ్లడం మంచిది. డాక్టరమ్మ నూనె వస్తువులు తింటున్నావా అని అడగలేదు. మొదటి ప్రశ్నే ‘ముఖానికి ఏం రాస్తున్నావమ్మా? ఎన్నాళ్ల నుంచి?’ అని. చెల్లి ముఖం ఒక దారికి రావడానికి ఆరు నెలలు పట్టింది.

మన ఊళ్లో చాలామందికి ఇంకో దారి కూడా ఉంది, గుర్తుకే రాదు. స్టీల్‌ప్లాంట్ ఉద్యోగుల పిల్లలకి ఉక్కునగరంలో విశాఖ స్టీల్ జనరల్ హాస్పిటల్, పోర్టు వాళ్లకి సాలిగ్రామపురంలో పోర్టు ఆసుపత్రి ఉన్నాయి. నాన్న కాంట్రాక్టు పనిలో ఉన్నారా? పే స్లిప్‌లో ఈఎస్ఐ కింద డబ్బు కట్ అవుతుందేమో చూడండి. జీతం నెలకి 21,000 రూపాయల లోపు ఉన్నవాళ్లకి వర్తించే పథకం అది. కుటుంబానికీ వర్తిస్తుంది. మల్కాపురంలో ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది. గుండెపోటుకో, కాలు విరిగితేనో తప్ప ఆ కార్డు బయటికి తీయరు మనవాళ్లు. మొటిమలకి కూడా తీయొచ్చు.

చీటీ చేతికొచ్చాక మందు పేరుని జన్ ఔషధి సుగమ్ యాప్‌లో వెతకండి. దగ్గర్లో జనరిక్ షాపు ఎక్కడుందో, ధరెంతో చూపిస్తుంది.

వాడకంలో చాలామంది తప్పు చేసేది ఒకటే. మొటిమ మీద చుక్క పెట్టి ఊరుకుంటారు. అడపలీన్ రాత్రిపూట మొటిమలొచ్చే చోటంతా పలచగా రాయాలి, ఎందుకంటే అది రాబోయే మొటిమని ఆపే మందు. మొదట రోజు విడిచి రోజు రాస్తే మంట తక్కువ. బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5 శాతంది చాలు, ఎక్కువ శాతం కొంటే పెరిగేది మంటే. ఇంకోటి, అది బట్టల రంగు లాగేస్తుంది. అమ్మ కొత్త టవల్‌తో ముఖం తుడుచుకున్నారో, ఇంట్లో గొడవ గ్యారంటీ! టూత్‌పేస్ట్, నిమ్మరసం జోలికి పోకండి, చర్మం కాలుతుంది. నుదుటి మీదే మొటిమలైతే తలకి రాసే నూనె కారుతుందేమో గమనించండి. జిమ్‌కి వెళ్లే తమ్ముళ్లూ, వే ప్రొటీన్ మొదలెట్టాకే మొటిమలు పెరిగాయా? ఆ సంగతి డాక్టర్‌కి చెప్పండి.

పెద్ద గడ్డల్లా నొప్పితో వస్తుంటే, గుంటలు పడుతుంటే క్రీములతో రోజులు గడపొద్దు. డాక్సీసైక్లిన్ లాంటి మాత్రలు కొన్ని వారాలు ఇస్తారు. తీవ్రంగా ఉంటే ఐసోట్రెటినోయిన్. గర్భంలో బిడ్డకి అది ప్రమాదం కాబట్టి అమ్మాయిలకి జాగ్రత్తలు చెప్పే రాస్తారు. ఫ్రెండ్ వాడుతున్న మాత్ర మీరు మింగేది కాదు.

ఆసుపత్రికి వెళ్లే ముందు రాత్రి ఒక్క పని చేయండి. ఇప్పటిదాకా రాసిన ప్రతి ట్యూబు, డబ్బా ముందూ వెనకా ఫొటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి. డాక్టర్ అడిగే మొదటి ప్రశ్నకి జవాబు అందులోనే ఉంటుంది.