జాజివాసనకు పాములు రావు

మొన్న ఎండాకాలం ప్రొద్దుటూరులో ఒక ఇంటి పక్కసందులో ఏళ్ళనాటి సన్నజాజి తీగను మొదలంటా నరికేశారు. ఇంటికీ కంచెకీ మధ్య మూడడుగుల నేల. నరికిన చోట సిమెంటు పోశారు. మిగిలిపోయిన కడప బండలు కంచెకు ఆనించి, పక్కన ఇటుకలు పేర్చారు. "జాజివాసనకు నాగుబాములొస్తాయంట నాయనా, ఫోన్లో అందరూ అదే చెప్తాండారు" అంది ఆ ఇంటి పెద్దావిడ. ఆ పూలు కోసి మాల కట్టనిదే ఆమెకు పొద్దు గడిచేది కాదు. జమ్మలమడుగు, పులివెందులలోనూ ఇదే మాట విన్నాను. విన్నప్పుడల్లా బాధేస్తుంది.

పాము తిండి ఎలుక, కప్ప, బల్లి. అది నాలుక చాపి గాలిలోని వాసన రేణువులను పట్టి, అంగిట్లో ఉండే జాకబ్సన్ అవయవానికి అందిస్తుంది. దాంతో అది వెతికేది ఎలుక పోయిన జాడను, జతపామును. పూలవాసనతో దానికి పనేలేదు. మొగలిపొదలో పామును చూశామనేవాళ్ళు అబద్ధమాడటం లేదు. నేలదాకా కమ్ముకున్న ఆ పొద కింద చల్లగా ఉంటుంది, కప్పలుంటాయి. పామును అక్కడికి రప్పించింది నీడ, తిండి. పేరు మాత్రం పువ్వుకొచ్చింది.

నిజంగా భయపడాల్సిన చోటు ఆ ఇంట్లోనే చూశాను. ఆనించిన బండల వెనక జానెడు ఖాళీ. టార్చి వేసి చూస్తే కొరికిన శనక్కాయ తొక్కలు, గోనెపీచు, నల్లటి ఎలుక పెంటికలు. కట్లపాముకు ఇంతకన్నా మంచి బస ఎక్కడ దొరుకుతుంది? తీగను కొట్టేసి ఆ బసను కట్టిపెట్టారు. పైగా నలభై డిగ్రీలు దాటిన ఎండకు కాగిన సిమెంటు, నల్లబండ పొద్దుగూకినా వేడి కక్కుతూనే ఉంటాయి. పక్కగది కిటికీ తీయలేరు. పడిన నాలుగు చినుకులూ నేలలోకి ఇంకవు.

'పాములు రాని మొక్క' అని సర్పగంధి కొనకండి. దాని వేళ్ళ నుంచి 1952లో రిసర్పిన్ అనే రక్తపోటు మందును వేరుచేశారు. దాని గొప్ప అక్కడే, పాములను తరమడంలో కాదు. వెల్లుల్లి, ఫినాయిల్ కూడా దండగే. కరివేపాకు అరిష్టమనీ, ముళ్ళమొక్క కలహమనీ చెప్పేవాళ్ళతో వాదన కూడా అనవసరం.

చెట్టు వేళ్ళు గోడను చీలుస్తాయనే మాట మాత్రం ఒప్పుకోక తప్పదు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు చుట్టూ నల్లరేగడి ఎక్కువ. తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే నెర్రెలిస్తుంది. పునాది పక్కన పెద్దచెట్టు తేమంతా పీల్చేస్తే నేల కుంగి గోడ పగులుతుంది. కాబట్టి మూడడుగుల సందులో రావి, మర్రి, వేప వద్దు. త్వరగా చాటు వస్తుందని కోనోకార్పస్ అసలే వద్దు. గుజరాత్ 2023లోనే దాన్ని నాటడం నిషేధించింది.

ఎండ మండే పడమటి సందులో గోరింట, కలబంద, బిళ్ళగన్నేరు వేయండి. కాగితంపూలైతే కంచెకు కట్టి పెంచండి, లేకుంటే ముళ్ళు నడవనీవు. ఎండ తక్కువుండే ఉత్తరం వైపు నందివర్ధనం బాగుంటుంది. గన్నేరు కూడా మొండిదే కానీ ఆకు నుంచి వేరు దాకా విషం. పిల్లలు, పశువులు తిరిగే చోట పెట్టొద్దు. పాదు పునాదికి ఆనకుండా కంచె వైపు తీయండి. మొదటి ఏడాది నీళ్ళు తప్పకుండా పెట్టండి, వేరు దిగాక మీ మీద అంతగా ఆధారపడవు. నేల నుంచి అడుగున్నర ఎత్తు దాకా కొమ్మలు కత్తిరించి, నేల కనిపించేలా ఉంచండి. జాజి, మల్లె తీగలకూ అంతే. రాలిన ఆకు, ఇటుక, కట్టె, బండ సందులో నిలవ ఉండకూడదు. రాత్రి అటు పోతే చెప్పులేసుకుని, లైటు పట్టుకుని పోండి.

ఎప్పుడైనా కాటు పడితే గాయం కోయొద్దు, నోటితో పీల్చొద్దు, పైన తాడు బిగించొద్దు. కాటు పడిన కాలో చెయ్యో కదలనీయకుండా 108కి ఫోన్ చేసి ప్రభుత్వాసుపత్రికి తీసుకుపోండి. విషానికి విరుగుడు సూదిమందు అక్కడుంటుంది, మంత్రగాడి దగ్గర కాదు.